ఆర్ ప్యాకేజీలో సీ కోడ్: జీసీ (అక్కర్లేని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్) నడిచాక డేటా మారిపోతోంది, ఎవరికైనా ఇలా అయిందా?

శనగచేను (అనంతపురం)
అందరికీ నమస్తే. మండలాల వర్షపాతం లెక్కల కోసం ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న ప్యాకేజీ రాసుకున్నాను. ఫైళ్లు చదివే భాగం నిదానంగా ఉందని దాన్ని సీ భాషలో రాశా. వంద వరుసలకు బాగానే నడుస్తుంది. పదేళ్ల డేటా ఇస్తే ఒకసారి పూర్తవుతుంది, ఒకసారి 'సెగ్‌ఫాల్ట్, మెమరీ నాట్ మ్యాప్డ్' అని పడిపోతుంది. వెతుకుదామని ప్రింట్ లైన్లు పెడితే క్రాష్ రాదు, తీసేస్తే మళ్లీ వస్తుంది.

క్రాష్ కన్నా భయపెట్టింది ఇంకొకటి ఉంది. నిన్న రాత్రి సాఫీగా పూర్తయిన టేబుల్ తెరిస్తే, కళ్యాణదుర్గం ఉండాల్సిన గడిలో 14-08-2019 అని ఉంది. పక్కనున్న తేదీ గడిలోనూ అదే. పేరు కాబట్టి కంటికి దొరికింది. వాన అంకెల్లో ఇలా జరిగితే ఎవరికి తెలుస్తుంది? ఈ అంకెలు చూసుకుని శనగ విత్తనం ఎప్పుడు వేయాలో మాట్లాడుకునేవాళ్లు ఉన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

కేసీకాలవ (కర్నూలు)
తమ్ముడూ, పడిపోయిన చోట వెతకొద్దు, తప్పు అంతకు చాలా ముందే జరిగి ఉంటుంది. సీలో నువ్వు చేసుకున్న వస్తువు ఇంకా కావాలని ప్రొటెక్ట్ ద్వారా చెప్పకపోతే, ఎవరికీ అక్కర్లేదనుకుని జీసీ దాన్ని తీసేస్తుంది. తీసిన క్షణాన ఏమీ తెలియదు. ఆ చోటును ఇంకొకటి ఆక్రమించాక నీ పాయింటర్ (వస్తువు ఉన్న చోటు అడ్రసు) దాన్ని చూపిస్తుంది. మెమరీ అడిగిన ఏ క్షణంలోనైనా జీసీ నడవొచ్చు. వంద వరుసల పని అది నడవకముందే అయిపోయి ఉంటుంది.

ఆర్‌లోనే ఉన్న జీసీటార్చర్ అనే ఫంక్షన్ ఆన్ చేసి చూడు. మెమరీ అడిగిన దాదాపు ప్రతిసారీ జీసీ నడుస్తుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పు ప్రతిసారీ వస్తుంది. విపరీతమైన నిదానం మాత్రం తప్పదు. ముందు ప్యాకేజీ లోడ్ చేసుకో, ఇరవై వరుసల ఫైలు పెట్టుకో, నీ ఫంక్షన్ పిలిచే ముందు ఆన్ చెయ్, అయిపోగానే ఆఫ్ చెయ్. అదీ కష్టమైతే జీసీటార్చర్2 ఉంది, ఎన్నిసార్లు మెమరీ అడిగితే ఒకసారి జీసీ నడవాలో అందులో చెప్పొచ్చు.

శనగచేను (అనంతపురం)
అన్నా, మూడో వరుసలోనే దొరికింది! ఎన్నిసార్లు నడిపినా అక్కడే. వెంటనే లూపులో అన్నిటికీ ప్రొటెక్ట్ పెట్టి, చివర్లో ఒకేసారి అన్‌ప్రొటెక్ట్ చేశా. ఇప్పుడు పెద్ద ఫైలుకు 'ప్రొటెక్షన్ స్టాక్ ఓవర్‌ఫ్లో' వస్తోంది.

పెన్నగట్టు (కడప)
ప్రొటెక్ట్ చేసినవన్నీ ఒక స్టాక్‌లో చేరతాయి, అందులో మామూలుగా 50,000 పడతాయి. పెంచుకునే వీలుంది కానీ మీ సమస్యకు అది మందు కాదు. లూపులో ఏది తర్వాత ఏది చేస్తున్నారో చెప్పండి.

శనగచేను (అనంతపురం)
అక్కా, ముందు ఎంకేచార్‌తో (సీ అక్షరాలను ఆర్ స్ట్రింగ్‌గా మార్చే ఫంక్షన్) మండలం పేరు చేస్తా. తర్వాత ఎంకేచార్‌తోనే తేదీ. ఆ తర్వాత పేరును పేర్ల వెక్టర్‌లో (వరుస జాబితా), తేదీని తేదీల వెక్టర్‌లో పెడతా. వెక్టర్లు రెండూ లూపుకు ముందే ప్రొటెక్ట్ అయ్యాయి. ఇంకో సంగతి, కళ్యాణదుర్గం, ఉరవకొండ పేర్లే చెడుతున్నాయి. గుత్తికి ఒక్కసారీ కాలేదు.

పెన్నగట్టు (కడప)
గుత్తి సంగతి చెప్పి మంచి పని చేశారు. ఫైల్లో పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి కదా. కళ్యాణ్‌దుర్గ్ అని రాస్తే పది అక్షరాలు, ఉరవకొండ పది, మీ తేదీ కూడా పదే. స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి సున్నా కలిపితే పదకొండు బైట్లు. ఆర్ చిన్న వస్తువుల కోసం 8, 16, 32 బైట్లు ఇలా గదులు కట్టి పెట్టుకుంటుంది. పదకొండు బైట్లు 16 గదిలోకి పోతాయి. గుత్తికి ఆరు బైట్లే, అది 8 గదిలో ఉంటుంది.

తేదీ కోసం మెమరీ అడిగినప్పుడు జీసీ నడిచింది. పేరు అప్పటికి ఏ వెక్టర్‌లోనూ లేదు, కాబట్టి దాని గది ఖాళీ అయింది, అదే కొలత ఉన్న తేదీ అందులో దిగింది. గుత్తి గది కూడా ఖాళీ అవుతూనే ఉంటుంది. అందులోకి తేదీ రాదు కాబట్టి పాత అక్షరాలే కనిపిస్తున్నాయి, అది బాగుందని నమ్మొద్దు.

పేరు చేసిన వెంటనే వెక్టర్‌లో పెట్టేయండి, తేదీ ఆ తర్వాతే. వెక్టర్ ప్రొటెక్ట్‌లో ఉంటే లోపలున్నవన్నీ భద్రం. లూపులో ఒక్క ప్రొటెక్ట్ కూడా అక్కర్లేదు.

ఆదోనిపత్తి (ఆదోని)
ఇంత కష్టమెందుకు, ప్రొటెక్ట్ సంగతి తానే చూసుకునే ఆర్‌సీపీపీలో (ఆర్ కోసం సీ++ రాసే ప్యాకేజీ) రాస్తే సరిపోతుంది కదా?

కేసీకాలవ (కర్నూలు)
కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేనూ అదే చెప్తా. కానీ ముడి పాయింటర్‌ను గ్లోబల్ వేరియబుల్‌లో దాచుకుంటే అక్కడా ఇదే గతి. పోయిన ఏడాది నాకు అలాగే అయింది, వారం పోయింది. ఒక కాల్ నుంచి ఇంకో కాల్ దాకా వస్తువు నిలవాలంటే ఆర్ ప్రిజర్వ్ ఆబ్జెక్ట్ అనే ఫంక్షన్ వాడాల్సిందే.

పెన్నగట్టు (కడప)
మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే సాధనం నడిపితే అది 'తప్పుల్లేవు' అంటే ఊరట పడొద్దు. ఆ గదులన్నీ ఆర్ సొంత మెమరీ పేజీల్లో ఉంటాయి, లోపల ఏది ఖాళీ అయిందో వాల్‌గ్రైండ్‌కు తెలియదు. ఆర్‌ను వాల్‌గ్రైండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ 2వ స్థాయితో కంపైల్ చేసుకుంటేనే తెలుస్తుంది. నడపకుండా కోడ్ చూసి చెప్పేది ఆర్‌చెక్, తొమాష్ కాలిబెరా రాసింది. ఆర్ ప్యాకేజీలను అందరికీ అందించే క్రాన్ కూడా ప్యాకేజీల మీద దాన్ని నడుపుతుంది. అప్పుడప్పుడు లేని తప్పు చూపిస్తుంది, అయినా అది చూపిన ప్రతి లైనూ నేను చదువుతా.

శనగచేను (అనంతపురం)
రెండు లైన్లు అటూ ఇటూ మార్చా, అంతే. టార్చర్ ఆన్‌లో ఇరవై వరుసలూ సరిగ్గా వచ్చాయి. పదేళ్ల డేటా మూడుసార్లు నడిపి మూడు టేబుళ్లూ పోల్చా, ఒక్క తేడా లేదు. ఇంతకుముందు ఇచ్చిన టేబుల్ వాడొద్దని, కొత్తది పంపుతున్నానని వాళ్లకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా.

ఆదోనిపత్తి (ఆదోని)
మార్కెట్ ధరలు చదివే నా పాత సీ ఫైలు తెరిచి చూశా. అందులోనూ పేరు, తేదీ, ఆ తర్వాతే వెక్టర్. రెండేళ్లుగా నడుస్తోంది. ఇప్పుడే టార్చర్ పెడుతున్నా.