పాత ఆల్టోకి సెంట్రల్ లాకింగ్: ఒక డోరు ఎదురు తిరుగుతోంది

ప్రశ్న (కావలి):
అన్నా, మాది 2007 ఆల్టో, నాన్న కొన్న బండి. అమ్మకి భుజం నొప్పి, వెనక సీట్లో కూర్చుంటే లాక్ పిన్ను పైకి లాగలేదు. అందుకే అన్ని డోర్లూ ఒక్కసారే లాక్ పడేట్టు నాలుగు డోర్ల సెంట్రల్ లాకింగ్ కిట్టు తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చుని నేనే బిగించా. మూడు డోర్లు బాగుండాయి. వెనక ఎడమది మాత్రం, మిగతా లాకులు పడితే లేస్తది, అవి లేస్తే పడతది. పైగా డ్రైవర్ డోరు తాళం తిప్పితే మిగతావి కదలవు, రిమోట్‌కైతే కదుల్తాయి. ఎట్ట?

జవాబు (ఒంగోలు):
ఆ వెనక ఎడమ డోరు మోటారుకొచ్చే రెండు వైర్లు అటూ ఇటూ మార్చు తమ్ముడూ. కరెంటు దిశ మారితే లాక్‌ని కదిపే రాడ్డు దిశా మారద్ది. ఇక డ్రైవర్ డోర్లో ఐదు వైర్ల మోటారు ఉండాల. రెండు వైర్లు తిప్పడానికి, మూడు వైర్లు లాక్ పడిందా లేచిందా కిట్టులోని కంట్రోల్ యూనిట్‌కి చెప్పడానికి. అక్కడ రెండు వైర్లది పెట్టావేమో చూడు.

జవాబు (కోవూరు):
డోరు లోపలి ప్యాడ్ మూసేముందు అద్దం పూర్తిగా దించి చూడు. నాకు అద్దం ఒరుసుకుని వైరు తెగింది, మళ్లీ మొత్తం విప్పా. బ్యాటరీ నుంచి తెచ్చిన వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాల, లోపల డ్యాష్‌బోర్డు కింద కాదు. మధ్యలో వైరు ఒరిసి బాడీకి తగిలితే మంటే.

కావలి:
ఒంగోలన్నా, నువ్వన్నదే! ఐదు వైర్లది వెనక కుడి డోర్లో పెట్టి, మూడు వైర్లు ఎక్కువొచ్చాయని టేపు చుట్టా. మార్చేశా, నాలుగూ ఒక్కసారే పడుతుండాయి. ఫ్యూజు కూడా ముందుకి తెచ్చా. రేపు అమ్మని నెల్లూరు ఆస్పత్రికి తీసకపోవాల, ఆమెకింకా చెప్పలా.