రేడియాలజీలో పరిశోధన చేయదలచినవారు శ్రీకాకుళంలో ఉండి చేయగలరా?

కవిటి వాసి (చర్చ ప్రారంభం)

నేను రేడియాలజీ ఎం.డి. చివరి సంవత్సరంలో ఉన్నాను. చదువు పూర్తయ్యాక శ్రీకాకుళం జిల్లాలోనే ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, ఉద్దానం కిడ్నీ వ్యాధిని స్కానింగ్ ద్వారా ముందుగా గుర్తించడం మీద పరిశోధన కొనసాగించాలని నా కోరిక. మా గైడ్ గారు ఇందుకు ఒప్పుకోవడం లేదు. పరిశోధనే వృత్తిగా పెట్టుకోదలచినవారు మొదటి పదేళ్లు ఏదైనా జాతీయ సంస్థలో గడపాలనీ, జిల్లాలో చేరితే రోజువారీ రిపోర్టులు రాయడంతోనే జీవితం గడిచిపోతుందనీ ఆయన అభిప్రాయం. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా ప్రారంభమైనందున పరిస్థితి మారిందని నేను అనుకుంటున్నాను. అనుభవజ్ఞుల అభిప్రాయాలు కోరుతున్నాను.

నాగావళి

మీ గైడ్ గారి మాటే సబబు. ఇమేజింగ్ పరిశోధన ఒంటరిగా సాగే పని కాదు. ఎంఆర్ఐ సీక్వెన్సును (యంత్రం చిత్రం తీసే అమరికను) సరిదిద్దడానికి భౌతిక శాస్త్రవేత్త, చిత్రాల నుంచి సంఖ్యలు రాబట్టడానికి ప్రోగ్రామింగ్ తెలిసినవారు, ఎంతమంది రోగులను తీసుకోవాలో ముందే లెక్కగట్టడానికి గణాంక నిపుణుడు కావాలి. వీరంతా ఒకే ఆవరణలో ఉన్న చోట కుర్రవాడు రెండేళ్లలో నేర్చుకునేది, లేని చోట పదేళ్లకు కూడా పట్టుబడదు. పైగా నేటి కిడ్నీ ఇమేజింగ్ అంతా కాంట్రాస్టు (చిత్రం స్పష్టంగా రావడానికి రక్తంలోకి ఎక్కించే మందు) అవసరం లేని ఎంఆర్ఐ పద్ధతుల వైపు నడుస్తున్నది. గాడోలినియం అనే లోహం ఉన్న కాంట్రాస్టుకూ, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో చర్మం గట్టిపడిపోయే వ్యాధికీ సంబంధం ఉందని 2006లో బయటపడిన తర్వాత ఆ అవసరం మరింత పెరిగింది. ఆ పద్ధతులు నేర్పేవారు జిల్లాలో ఎవరున్నారు? జిల్లా మీద అభిమానం మంచిదే గానీ, అది గురువు లేని లోటును తీర్చదు.

పాత రేడియాలజిస్టు, శ్రీకాకుళం

నాగావళి గారు చెప్పిన కొరతల్లో ఒక్కదాన్నీ నేను కాదనను. అయితే వారి వాదన మొత్తం, పరిశోధన అంటే కొత్త పద్ధతిని కనిపెట్టడమే అన్న భావన మీద నిలబడి ఉన్నది. ఉద్దానంలో తేలవలసిన ప్రశ్న అది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మధుమేహం గానీ, చెప్పుకోదగ్గ రక్తపోటు గానీ లేని కొబ్బరి, జీడి రైతులకూ కూలీలకూ కిడ్నీలు ఎందుకు కుంచించుకుపోతున్నాయో ఇంతవరకు నిర్ధారణ కాలేదు. నీటిలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో దాహం చంపుకుని పనిచేయడం అన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లోనూ కనబడిన ఇలాంటి వ్యాధి విషయంలో కూడా తుది మాట రాలేదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపవలసిన వ్యర్థం) పెరిగేనాటికే కిడ్నీ పనిలో చాలా భాగం పోయి ఉంటుంది కాబట్టి, అవే మనుషులను ఏటేటా చూస్తూ, మార్పు ఎక్కడ మొదలైందో పట్టుకోవడమే ఇక్కడ అసలు పని. జాతీయ సంస్థలో ఎంత గొప్ప యంత్రం ఉన్నా, కవిటి రైతు ఏటేటా అక్కడికి వెళ్లడు.

ఇక యంత్రం సంగతి. మన దగ్గర ఉన్న అల్ట్రాసౌండునే ఒక పద్ధతి ప్రకారం వాడితే ఎంత తెలుస్తుందో మనం ఇంకా చూడనే లేదు. పెద్దవారి కిడ్నీ పొడవు సాధారణంగా 9 నుంచి 12 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. ప్రోబును (ఒంటి మీద ఆనించే పరికరాన్ని) కాస్త ఏటవాలుగా పెట్టినా, రోగి ఊపిరి సరిగా బిగబట్టకపోయినా, పక్కటెముక నీడ కింది కొనను కప్పేసినా 10 సెంటీమీటర్ల కిడ్నీ 9గా నమోదవుతుంది. కార్టెక్స్ (కిడ్నీ బయటి పొర) ఎంత తెల్లగా ఉందో కాలేయంతో పోల్చి చెబుతాం కదా. కాలేయానికి కొవ్వు పట్టి అదే తెల్లగా మెరుస్తుంటే, దాని పక్కన జబ్బుపడిన కార్టెక్స్ కూడా నల్లగా, మామూలుగానే కనబడుతుంది. మన రిపోర్టుల్లో మాత్రం వీటి ప్రస్తావన లేకుండా ‘గ్రేడ్ 1 మార్పులు’ (అంకె పెరిగేకొద్దీ జబ్బు ఎక్కువ) అని ఒక్క వాక్యం ఉంటుంది. రోగులు పాలిథీన్ సంచుల్లో తెచ్చే పాత రిపోర్టులను వరసగా పేర్చి చూస్తే, ఒకే మనిషికి ఒకచోట గ్రేడ్ 2, ఆరు నెలల తర్వాత మరొకచోట గ్రేడ్ 1 కనబడుతుంది. జబ్బు తగ్గిందా, చూసిన చేయి మారిందా అన్నది ఎవరూ చెప్పలేరు. ఈ గందరగోళాన్ని తొలగించడానికి భౌతిక శాస్త్రవేత్త అక్కర్లేదు, ఓపిక ఉన్న రేడియాలజిస్టు కావాలి.

పెద్ద సంస్థలో లేకపోతే పని జరగదన్న నమ్మకానికి సీటీ స్కాన్ చరిత్రే సమాధానం. అలన్ కార్మాక్ 1956లో కేప్ టౌన్‌లో ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్తగా వారంలో కొంత సమయం మాత్రమే పనిచేస్తూ సీటీకి ఆధారమైన గణితానికి దారి వేశాడు. 1979లో ఆయనతో పాటు నోబెల్ అందుకున్న, సీటీ యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్‌కు విశ్వవిద్యాలయ పట్టా కూడా లేదు.

నాగావళి

మాస్టారూ, కార్మాక్ ఉదాహరణ మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. ఆయన పత్రాలు 1963, 1964 సంవత్సరాల్లో అచ్చయితే పట్టించుకున్నవారే కరువయ్యారు. 1971లో లండన్ దగ్గర మొదటి రోగికి సీటీ తీయగలిగింది, ఈఎంఐ వంటి పెద్ద కంపెనీ హౌన్స్‌ఫీల్డ్ వెనుక ఉండబట్టే. ఆ ఏడాదే మన జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఎక్స్‌రే ప్రొజెక్షన్ల నుంచి చిత్రాన్ని పునర్నిర్మించే వేగవంతమైన గణిత పద్ధతిని ప్రకటించారు. వారి పేర్లతోనే ‘రామ్-లాక్’ ఫిల్టర్ నేటికీ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉన్నది గానీ, యంత్రాలు మాత్రం మనం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఆలోచన ఎక్కడ పుట్టినా, దాన్ని నిలబెట్టేది సంస్థే.

మరొక మాట. వ్యాధి తొలి దశలో అల్ట్రాసౌండ్ పూర్తిగా మామూలుగా ఉండవచ్చు. కాబట్టి మీరు చెప్పిన ‘మొదలు’ను ఆ యంత్రం పట్టుకుంటుందన్న హామీ లేదు.

పాత రేడియాలజిస్టు, శ్రీకాకుళం

హామీ లేదు, నిజమే. పట్టుకోదని పద్ధతి ప్రకారం తేలినా అది ఫలితమే. అప్పుడు ఎంఆర్ఐ ఎవరికి తీయాలో తెలుస్తుంది. కార్మాక్ విషయంలో మీ మాటకు విలువ ఇస్తున్నాను. అయితే సంస్థ వెనుక ఉండటం వేరు, సంస్థలోనే కూర్చోవడం వేరు. గణాంక నిపుణుడితో విశాఖ నుంచి ఫోనులో మాట్లాడుకోవచ్చు, కొలతలు మాత్రం ఇక్కడే తీసుకోవాలి. లేకపోతే ఇంతకాలం జరిగినదే జరుగుతుంది: బృందాలు వస్తాయి, రక్తం, మూత్రం, బావి నీరు పట్టుకెళతాయి, ఊరివారికి ఫలితం మాత్రం తిరిగి రాదు.

సోంపేట ఆరోగ్య కార్యకర్త

మీరిద్దరూ వదిలేసిన అడ్డంకి ఒకటున్నది. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టం కింద అల్ట్రాసౌండ్ యంత్రం రిజిస్టరైన చోట మాత్రమే ఉండాలి. 2012లో మార్చిన నిబంధనల ప్రకారం పోర్టబుల్ యంత్రాన్ని ఆ ఆవరణలోని ఇన్‌పేషెంట్లకు గానీ, ఇతర వైద్యసేవలు కూడా అందించే సంచార వైద్య వాహనంలో భాగంగా గానీ మాత్రమే వాడవచ్చు. యంత్రాన్ని సంచిలో పెట్టుకుని తోటల్లోకి వెళతామంటే కుదరదు. చట్టం ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను, మన జిల్లాలకు అది అవసరమే. కానీ దాని ఫలితంగా స్కానింగ్ కోసం కూలీ మనిషి రోజు కూలి వదులుకుని రావాలి. బాగున్న మనిషి ఎందుకు వస్తాడు? మీకు కావలసింది బాగున్నవాడే కదా. కవిటి డాక్టరు గారు తమ ప్రతిపాదనలో ఆ రోజు కూలినీ, బస్సు ఛార్జీనీ చేర్చకపోతే వచ్చేవారంతా ముదిరిన రోగులే అవుతారు.

విజయనగరం టెక్నాలజిస్టు

చిత్రాలు దాచడం గురించి ఒక సూచన. చాలాచోట్ల థర్మల్ కాగితం మీద తీసిన బొమ్మే రికార్డు; అది కొన్నేళ్లకు వెలిసిపోతుంది. మొదటి రోజు నుంచే డైకామ్ (వైద్య చిత్రాలను డిజిటల్‌గా దాచే పద్ధతి) ఫైళ్లను పేర్లు తొలగించి హార్డ్ డిస్కులో భద్రపరిస్తే, రెండో వ్యక్తి వాటిని తర్వాత తీరికగా కొలవవచ్చు. ఆ పని చేయడానికి నేను సిద్ధం.

కవిటి వాసి

అందరికీ కృతజ్ఞతలు. జిల్లాలోనే చేరుతూ, గణాంకాలకూ ఎంఆర్ఐకీ ఒక జాతీయ సంస్థలోని మరో గైడ్ గారిని ప్రతిపాదనలో జతచేయాలని అనుకుంటున్నాను. ఆ షరతుకు వారు అంగీకరించకపోతే నాగావళి గారి సలహాను మళ్లీ ఆలోచిస్తాను. రోజు కూలి విషయం ఎథిక్స్ కమిటీ ముందు పెడతాను. అది ప్రలోభంగా కనబడకుండా ఎలా రాయాలో సోంపేట వారు చెప్పగలరు. రెండో కొలతకు విజయనగరం వారి సాయం తీసుకుంటే సరిపోతుందా మాస్టారూ?

పాత రేడియాలజిస్టు, శ్రీకాకుళం

సరిపోదు, డాక్టర్ గారూ. దాచిన బొమ్మ మీద మళ్లీ కొలిస్తే కర్సర్ (తెర మీది కొలత గుర్తు) ఎక్కడ పెట్టారన్న తేడా మాత్రమే తేలుతుంది, ప్రోబు ఎలా పెట్టారన్న తేడా తేలదు. పెద్ద పొరపాటు వచ్చేది అక్కడే. కొంతమంది రోగులనైనా ఇద్దరు రేడియాలజిస్టులు అదే రోజు విడివిడిగా స్కాన్ చేయాలి, ఒకరి అంకె మరొకరి కంటపడకూడదు. టెక్నాలజిస్టు గారి కొలత దానికి అదనంగా ఉండనివ్వండి.