తుంటి కోయకుండా మూలకణాలతో ఎముకను పెంచవచ్చు కదా?

వెన్నెల: విరిగిన కాలి ఎముక అతుక్కోకపోతే నా తుంటి నుంచి ఎముక తీసి పెట్టారు. కాలు బాగైంది. తుంటి మాత్రం నాలుగేళ్లుగా నొప్పే, ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేను. రోగి ఎముక మజ్జలోని మూలకణాలను (ఇతర రకాల కణాలుగా మారగల కణాలను) పెంచి, కణాలు పట్టుకునే రంధ్రాల చట్రం, అంటే హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలోని ఖనిజం లాంటిది) స్కాఫోల్డ్‌లో నింపి అమర్చిన ఫలితాలను ఇటలీ పరిశోధకులు 2001లోనే ప్రచురించారు. ఇంకా మా తుంటినే ఎందుకు కోస్తున్నారు?

దీపస్తంభం: అందులో రోగులు ముగ్గురే.

వెన్నెల: ముగ్గురికీ అతికింది.

దీపస్తంభం: కణాలు లేని స్కాఫోల్డ్ పెట్టి పోల్చలేదు. ఎముకను కట్టింది మూలకణాలేనని ఎలా తెలుస్తుంది? 1965లో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల వైద్యుడు ఖనిజాలు తీసేసిన ఎముక ముక్కను కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుట్టింది. బయటి నుంచి ఒక్క కణమూ వేయలేదు. మజ్జలోని ఈ కణాలకు ‘మీసెంకైమల్ మూలకణాలు’ అనే పేరును 1991లో ప్రచారంలోకి తెచ్చిన శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లానే 2017లో ఆ పేరు మార్చాలని రాశారు. అవి కణజాలంగా మారడం కన్నా మరమ్మతుకు సంకేతాలు పంపడమే ఎక్కువని ఆయన వాదన. పైగా రక్తనాళానికి సుమారు 200 మైక్రాన్లు (0.2 మిల్లీమీటర్లు) దాటితే కణాలకు ప్రాణవాయువు సరిగా అందదు. పెద్ద స్కాఫోల్డ్ నడిమధ్య నింపినవి, నాళాలు చేరేలోపే చచ్చిపోతాయి.

నీలిమబ్బు: తుంటి ముక్కలోని కణాలూ చాలావరకు చచ్చేవే కదా?

దీపస్తంభం: దాంతోపాటు సహజమైన అల్లిక, పెరుగుదల ప్రోటీన్లు వస్తాయి.

వెన్నెల: ఆ నొప్పి మీ తుంటిలో ఉంటే ఇంత తీరిగ్గా లెక్కలు వేసేవారా?

దీపస్తంభం: నొప్పి నాకు తెలియదనకండి. మా అన్నయ్య తొడ ఎముక చీముపట్టి అతుక్కోలేదు. మూలకణాల ఇంజెక్షన్లతో పెరుగుతుందని ఒక వైద్యుడు నమ్మబలికి డబ్బు తీసుకున్నాడు. పద్నాలుగు నెలలు! చీము శుభ్రం చేయకుండా ఎన్ని కణాలు వేస్తే ఏమి లాభం? చివరికి కాలు తీసేశారు. ఆ వైద్యుడూ మీలాగే ధీమాగా మాట్లాడాడు.

వెన్నెల: మీ అన్నయ్యకు జరిగింది ఘోరం. కానీ ఇంజెక్షన్లు అమ్మమని నేను అనలేదు. లాభనష్టాలు చెప్పి నన్ను ఎంచుకోనివ్వమంటున్నాను. తుంటి నొప్పి కొందరికి ఏళ్లతరబడి మిగులుతుందని శస్త్రచికిత్సకు ముందు నాకు ఎవరూ చెప్పలేదు.

దీపస్తంభం: ఎంచుకోవడానికి ఆధారం ఉండాలి. అనుమతి పొందిన ప్రయోగంలో, రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా చేస్తే నాకు అభ్యంతరం లేదు. తీసుకున్నారంటే ఆశను అమ్ముకున్నట్టే.

వెన్నెల: ప్రయోగం జరిగే చోటికి వెళ్లలేనివాళ్లు తుంటి కోయించుకోవలసిందేనా?

దీపస్తంభం: ప్రస్తుతానికి అంతే.

నీలిమబ్బు: ఇంతకీ ఆ ముగ్గురి స్కాఫోల్డ్ కరిగిందా?

వెన్నెల: చాలావరకు కరగలేదు. కొత్త ఎముక దాని రంధ్రాల్లోకి పెరిగి కలిసిపోయింది. మొదటి ముగ్గురిని ఆరేడేళ్లకు చూసినా, తర్వాత చేరిన నాలుగో రోగిని చూసినా అక్కడ మళ్లీ విరగలేదు.

దీపస్తంభం: నలుగురే.