చర్చ: లక్ష దాకా బడ్జెట్, హాబ్ ఎంపిక – గ్యాసా, ఇండక్షనా?

కొత్తగట్టు
కిచెన్ పని మొదలవుతోంది, హాబ్ (గట్టులోకి దించి బిగించే పొయ్యి) కొనాలి. గట్టు 20 మి.మీ. గ్రానైట్, లోతు 24 అంగుళాలు. బిల్డింగ్‌కి పైపు గ్యాస్ (పీఎన్‌జీ) ఉంది. రోజూ వాడేవి 5 లీటర్ల కుక్కర్, 30 సెం.మీ. ఇనుప మూకుడు, దోసె పెనం, రెండు ఇత్తడి గిన్నెలు. షోరూంలో ఎవర్ని అడిగినా గాజు మందం, రంగు తప్ప ఇంకోటి చెప్పట్లేదు. అసలు ఏం చూసి కొనాలండీ?

నీలిమంట
బర్నర్లు ఎన్నని కాదు, ఒక్కోటి ఎన్ని కిలోవాట్లో చూడండి. మామూలుగా చిన్నది 1, మధ్యది 1.75, పెద్దది 3, మూడు వరసల మంట ఉండే వోక్ (మూకుడు) బర్నర్ 3.5 నుంచి 5 దాకా. మీ మూకుడికి 4 దాటినది ఒకటి చాలు, రెండు అనవసరం. 5 కిలోవాట్ల మంట మీద చిన్న గిన్నె పెడితే సగం వేడి గిన్నె పక్కల నుంచి పైకే పోతుంది, పిడులు కాలతాయి.

అంతకంటే ముఖ్యం సిమ్. మామూలు వోక్ బర్నర్‌ని ఎంత తగ్గించినా 1.5 కిలోవాట్ దగ్గరే ఆగుతుంది. దాని మీద పప్పు పెట్టి పక్కకి వెళ్తే అడుగంటినట్టే. లోపలి వరస, బయటి వరస విడిగా నడిచే డ్యూయల్ కంట్రోల్ రకమైతే 0.3 దాకా దిగుతుంది. నేనైతే అదనపు డబ్బు పెట్టేది దీనికే, గాజుకి కాదు.

ఇక దూరం. 30 సెం.మీ. మూకుడూ 24 సెం.మీ. కుక్కరూ పక్కపక్కన పట్టాలంటే బర్నర్ల నడుమ నుంచి నడుమకి కనీసం 28 సెం.మీ. కావాలి. 60 సెం.మీ. హాబ్‌లో ముందు బర్నర్‌కీ వెనక బర్నర్‌కీ మధ్య అంత రాదు, వెనకది ఉండీ లేనట్టే. మూకుడూ కుక్కరూ సంచిలో వేసుకుని షోరూంకి వెళ్లండి. నవ్వితే నవ్వనీండి.

జెట్65
పైపు గ్యాస్ అన్నారు కాబట్టి ముందు జెట్ల (బర్నర్ కింద గ్యాస్ చిమ్మే సన్న రంధ్రం ఉన్న ముక్కలు) సంగతి తేల్చుకోండి. సిలిండర్ గ్యాస్ (ఎల్పీజీ) రెగ్యులేటర్ నుంచి 30 మిల్లీబార్ ఒత్తిడితో వస్తుంది, పైపు గ్యాస్ 21తో. పైగా అదే ఘనపరిమాణంలో ఎల్పీజీకి ఉన్న వేడిలో సగం కూడా పైపు గ్యాస్‌కి ఉండదు. అందుకే జెట్ రంధ్రం పెద్దది కావాలి. జెట్ మీద అంకె మిల్లీమీటర్‌లో నూరో వంతులు: 1.75 కిలోవాట్ బర్నర్‌కి ఎల్పీజీ అయితే 65, పైపు గ్యాస్ అయితే 97 దగ్గర. హాబ్‌లు ఎక్కువగా ఎల్పీజీ జెట్లతోనే వస్తాయి. రెండో సెట్ పెట్టెలో ఉందో, విడిగా కొనాలో బిల్లు కట్టకముందే అడగండి.

సర్వీస్ మనిషి వచ్చినప్పుడు దగ్గర నిలబడి చూడండి. పాన్ సపోర్ట్ (గిన్నె నిలిచే ఇనుప కాళ్లు), టోపీ, బర్నర్ తల తీసి, 7 మి.మీ. బాక్స్ స్పానర్‌తో జెట్ మార్చడం సగం పనే. నాబ్ లాగితే కింద వాల్వ్ పక్కన సన్న స్క్రూ ఉంటుంది, సిమ్ దానితోనే. పైపు గ్యాస్‌కి దాన్ని కాస్త వదులు చేయాలి. ఫుల్ నుంచి సిమ్‌కి టక్కున తిప్పినా మంట ఆరకూడదు, అదే పరీక్ష. చాలామంది ఈ స్క్రూ ముట్టుకోకుండానే వెళ్లిపోతారు, తర్వాత 'సిమ్‌లో ఆరిపోతోంది' అని ఫిర్యాదు. చివర్లో జాయింట్లన్నిటికీ సబ్బు నురగ రాయించండి. తీసిన జెట్లు వారంటీ కార్డుతో దాచుకోండి, ఇల్లు మారితే కావాలి.

జెట్ తప్పితే మంటే చెప్తుంది. పైపు గ్యాస్‌కి ఎల్పీజీ జెట్ ఉంటే దీపంలా కొట్టుకుంటుంది. తిరగేసి ఎల్పీజీకి పెద్ద జెట్ ఉంటే పొడుగ్గా పసుప్పచ్చగా లేచి గిన్నెకి మసి పడుతుంది. ఇది ప్రమాదం, ఒక్క పూట కూడా వాడొద్దు.

పోపుగరిటె
జెట్ గారు బాగా చెప్పారు. గాజు గురించి కూడా రెండు ముక్కలు. 8 మి.మీ. టఫెన్డ్ గాజు ఉన్నా పగిలేవి పగులుతాయి. అంచు మీద దెబ్బ, బర్నర్ తల సరిగ్గా కూర్చోక మంట కిందికి దిగడం, పెనం బర్నర్ దాటి బయటికి వచ్చి వేడిని గాజు మీదికి కొట్టడం, వేడి గాజు మీద తడిగుడ్డ: ఎక్కువగా ఇవే కారణాలు. కటౌట్ (హాబ్ కోసం గట్టులో కోసే ఖాళీ) బిగుతుగా కోసి గాజుని బలవంతంగా కూర్చోబెట్టినా అంతే. భయముంటే స్టీల్ హాబ్ తీసుకోండి, గీతలు పడతాయి తప్ప పగలదు.

మంట ఆరితే గ్యాస్ ఆపే ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్ ప్రతి బర్నర్‌కీ ఉండాల్సిందే. కరెంటు లేకపోయినా పనిచేస్తుంది, మంట వేడికి బర్నర్ పక్కనుండే చిన్న కడ్డీ, అంటే థర్మోకపులే, కాస్త కరెంటు పుట్టిస్తుంది. వెలిగించాక నాబ్ నొక్కి పట్టుకోవాల్సిన కొద్ది సెకన్లు అందుకే. కొన్నాళ్లకి ఎంత నొక్కినా నిలవకపోతే ముందు ఆ చిన్న కడ్డీ మీద జిడ్డు తుడవండి, పార్టు మార్చమనకండి.

ఫేజ్‌న్యూట్రల్
ఇండక్షన్ మాట ఎవరూ ఎత్తలేదే! నాలుగు జోన్ల (గిన్నె పెట్టే చోట్ల) హాబ్ మొత్తం లోడ్ 7.2 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. దానికి 6 చదరపు మి.మీ. రాగి తీగతో విడి లైను, 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడ్ మించితే ఆపేసే స్విచ్) కావాలి. 16 ఆంపియర్ల ప్లగ్గుకి తగిలిస్తే కుదరదు. కరెంటు బిల్లులో మంజూరైన లోడ్ ఎంతో కూడా చూసుకోండి, ఏసీలూ గీజరూ అందులోవే.

బూస్ట్ (కాసేపు అదనపు వేడి ఇచ్చే సెట్టింగ్) అంకెలు చూసి మురిసిపోకండి. రెండేసి జోన్లు ఒకే మాడ్యూల్ (కరెంటు అందించే భాగం) మీద ఉంటే ఒకటి బూస్ట్‌లో ఉన్నంతసేపూ పక్కది తగ్గుతుంది. చవక రకాలు తక్కువ వేడిలో ఆగి ఆగి కొడతాయి: పాలు ఒక నిమిషం పొంగి మరో నిమిషం చల్లబడతాయి. ఒకటో నంబర్‌లో నీళ్లు పెట్టి చూపించమనండి.

అడుగుకి అయస్కాంతం గట్టిగా అంటుకోకపోతే ఆ గిన్నె పనికిరాదు. మీ ఇత్తడి గిన్నెలు బయటే. ఇనుప మూకుడికి అయస్కాంతం అంటుతుంది గానీ గుండ్రటి అడుగైతే వేడెక్కేది నడుమ ఒక్క చోటే. పుల్కాలు, వంకాయ కాల్చడం ఎలాగూ కుదరవు.

డాలస్‌వంటిల్లు
ఇక్కడ అమెరికాలో కొనేవాళ్లకి: ఇక్కడ బర్నర్ వేడిని గంటకి ఇన్ని బీటీయూలని రాస్తారు, దాన్ని 3,412తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. వోల్ఫ్ కంపెనీ పెద్ద బర్నర్ 20,000, అంటే 5.9 కిలోవాట్లు. బ్లూస్టార్ కంపెనీ ఓపెన్ బర్నర్ (కింద మూత లేని రకం) 22,000. మూకుడు వంటకి ఓపెన్ బర్నర్ మేలు, కాకపోతే పొంగినవన్నీ కింది ట్రేలోకి పోతాయి, శుభ్రం చేయడం మీ వంతు. రేంజ్ (పొయ్యీ ఓవెనూ కలిసినది) కంటే ముందు పొగ సంగతి చూడండి. 10,000 బీటీయూలకి 100 సీఎఫ్‌ఎం (నిమిషానికి హుడ్ లాగే గాలి, ఘనపుటడుగుల్లో) అన్నది వాడుక లెక్క. 400 దాటితే చాలాచోట్ల భవన నిర్మాణ కోడ్ ప్రకారం బయటి గాలి లోపలికొచ్చే దారి పెట్టాలి, ఆ ఖర్చు కొటేషన్‌లో ఉండదు. గాలి బయటికి పోకుండా తిరిగి గదిలోకే వదిలే హుడ్ మన తాలింపులకి ఎందుకూ పనికిరాదు.

కొత్తగట్టు
అయితే డ్యూయల్ కంట్రోల్ వోక్ బర్నర్ ఉన్న మూడు బర్నర్ల గ్యాస్ హాబ్, పక్కన 30 సెం.మీ. రెండు జోన్ల ఇండక్షన్. ఇది సరేనా?

ఫేజ్‌న్యూట్రల్
మీ గిన్నెలకి అదే సరి. ఆ ఇండక్షన్ 3.6 కిలోవాట్ల దగ్గర ఉంటుంది. ప్లగ్గు వద్దు, 4 చదరపు మి.మీ. తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీతో నేరుగా కలిపించండి. కింద సొరుగు పెడితే పైన ఖాళీ వదలండి. హాబ్ లోపలి ఫ్యాన్‌కి గాలి అందకపోతే మే నెలలో వంట మధ్యలో ఆగిపోతుంది.

కొలతకర్ర
హాబ్ చేతికొచ్చాకే గ్రానైట్ కోయించండి. కేటలాగ్ కొలత నమ్మొద్దు, పెట్టెలో కాగితం నమ్మండి. కటౌట్ మూలలు గుండ్రంగా ఉండాలి, పదునుగా కోస్తే అక్కడి నుంచే గ్రానైట్‌కి చీలిక వస్తుంది. రెండు హాబ్‌ల మధ్య మిగిలే సన్నటి గ్రానైట్ పట్టీ కిందనుంచి ఆధారం లేకపోతే విరుగుతుంది, కాబట్టి రెండు హాబ్‌లనీ కలిపే పట్టీ అమ్ముతారేమో అడిగి ఒకే కటౌట్ చేయించండి. పైపు గ్యాస్ గాలికంటే తేలిక, కింది అరలో గాలిరంధ్రాలు పైవైపు ఉండాలి. సిలిండర్ అయితే అడుగున. చిమ్నీకి పాన్ సపోర్ట్ నుంచి 65 సెం.మీ.కి తగ్గొద్దు, 75 దాటొద్దు.