బొమ్మ పక్కన పాటగాడి పేరు ఎందుకు?

చిక్కడపల్లి శ్రోత:
మొన్న బంజారాహిల్స్‌లో ఒక చిత్రప్రదర్శన చూశాను. అన్నీ నైరూప్య చిత్రాలే. ప్రతి కాన్వాసు పక్కన చీటీ మీద ఒక సంగీతకారుడి పేరు ఉంది. ఒకచోట బడే గులాం అలీ ఖాన్, ఇంకోచోట బాలమురళీకృష్ణ. ఆ చీటీలు అటూ ఇటూ మార్చి అంటించినా ఎవరూ కనిపెట్టలేరు. ఆర్టిస్టు ఎవరన్నది ఇక్కడ అనవసరం, ఈ అలవాటు చాలామందికి ఉంది. అందుకే అడుగుతున్నాను. ఇష్టమైన గాయకుడు చిత్రకారుడి పనిలోకి నిజంగా వస్తాడా? లేక పని జరుగుతున్నప్పుడు గదిలో మోగిన పాటకే ప్రేరణ అని పేరు పెడుతున్నామా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. బడే గులాం అలీ ఖాన్ 1968లో మన బషీర్‌బాగ్‌లోనే కన్నుమూశారు. ఈ ఊళ్ళో ఆ పేరుకి చాలా బరువుంది. ఆ పేరు చూడగానే సగం భక్తి వచ్చేస్తుంది, ఇక బొమ్మని బొమ్మగా చూసేదెప్పుడు?

రాత్రి పని:
నేను పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. రేపు పొద్దున్నే ఇచ్చేయాలన్న టెన్షన్‌లో ఇళయరాజా పాటలు లేకపోతే నా చెయ్యి కదలదు. అది ప్రేరణ కాకపోతే మరేమిటండీ?

చిక్కడపల్లి శ్రోత:
అది ఊపు. మంచిదే, కాదనను. కానీ ఆ పాట పెట్టుకుని వంట చేసినా అదే ఊపు వస్తుంది కదా.

కుంచె మసాబ్‌ట్యాంక్:
శ్రోత గారూ, చీటీల విషయంలో మీ చిరాకు సరైనదే. తీర్పు మాత్రం ఒప్పుకోలేను. సంగీతకారుడు బొమ్మలోకి వస్తాడు. పని చేసే పద్ధతిని మార్చేంతగా వస్తాడు. అది నిరూపించి చూపించొచ్చు కూడా.

1911 జనవరి 2న మ్యూనిక్‌లో చిత్రకారుడు కాండిన్‌స్కీ, స్వరకర్త షోన్‌బెర్గ్ సంగీత కచేరీకి వెళ్ళాడు. ఆ తర్వాత పెన్సిల్‌తో స్కెచ్‌లు గీసుకున్నాడు. వాటిలో పియానో, జనం ఇంకా గుర్తుపట్టేలాగే ఉంటారు. వాటిని బట్టి వేసిన పెద్ద బొమ్మలో పియానో ఒక నల్లటి ముద్దగా మిగిలింది, పసుపు రంగు కాన్వాసు మీద సగం దాకా పొంగిపోయింది. అదే నెలలో షోన్‌బెర్గ్‌కి ఉత్తరం రాశాడు. మీ సంగీతంలో ఒక్కో స్వరధారా దేని దారి అది చూసుకుంటుంది, నేను రంగుల్లో వెతుకుతున్నది సరిగ్గా అదే అన్నది అందులోని సారాంశం. గదిలో పాట మోగినందువల్ల ఇది జరగదు.

చిత్రకారుడు పాల్ క్లే సంగతి నాకు ఇంకా ఇష్టం. అమ్మానాన్నలిద్దరూ సంగీతం వాళ్ళే, తనూ మంచి వయొలిన్ విద్వాంసుడు. ప్రాణం పెట్టింది బాఖ్, మొజార్ట్‌ల పాత సంగీతం మీద, వేసింది సరికొత్త బొమ్మలు. 1921లో వేసిన 'ఎరుపులో ఫ్యూగ్' చూడండి. చీకటి నేపథ్యం మీద ఒక ఆకారం, దాని పక్కనే అదే ఆకారం కాస్త లేతగా, ఆ పక్కన మరికాస్త లేతగా జరుగుతూ పోతుంది. ఫ్యూగ్ అనే పాశ్చాత్య సంగీత రూపంలో ఒక గొంతు ఎత్తుకున్న వరసని రెండో గొంతు కొంచెం ఆగి అందుకుంటుంది. క్లే తీసుకున్నది ఆ కట్టుబడిని. బాఖ్ వింటే కలిగే భక్తినో ఆనందాన్నో బొమ్మగా వేయాలని చూడలేదు.

నా బల్ల దగ్గరి సంగతి కూడా చెప్తాను. నేను వేసేది వాటర్ కలర్. హిందుస్తానీ గాయకుడు, ఇందోర్ ఉస్తాద్ అమీర్ ఖాన్ ఝూమ్రా తాళంలో అతి విలంబితంగా, అంటే చాలా నెమ్మదిగా పాడుతుంటే మంద్రంలోనే, కింది స్వరాల్లోనే ఎంతోసేపు ఉండిపోతారు, పై షడ్జం కోసం తొందరపడరు. వినగా వినగా నా చేతికి ఆ నిదానం పట్టుకుంది. ముదురు రంగు ఆఖరి దాకా ముట్టను. ఒక లేత పొర వేసి ఆరనిస్తాను, దాని మీద ఇంకోటి. అరచేతి వెనక భాగం కాగితానికి ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అప్పుడు కుంచె పెడితే కింది పొర లేచిపోయి రంగంతా బురదైపోతుంది. అంతసేపు ఆగడం నాకు ఆయన గొంతు నుంచే వచ్చింది. ఆయన పాట వినకపోయి ఉంటే నా బొమ్మలు ఇలా ఉండేవి కావు, ఇది గట్టిగా చెప్పగలను.

చిక్కడపల్లి శ్రోత:
మీ ఉదాహరణలు నా వైపే మాట్లాడుతున్నాయండీ. కాండిన్‌స్కీ ఆ బొమ్మకి పెట్టిన పేరు 'ఇంప్రెషన్ 3 (కచేరీ)'. షోన్‌బెర్గ్ పేరు లేదు. క్లే బాఖ్ పేరు పెట్టలేదు. చిత్రకారుడు మోండ్రియన్ న్యూయార్క్ వెళ్ళాక 1942-43లో వేసిన 'బ్రాడ్‌వే బూగీ వూగీ'లోనూ బూగీ వూగీ అనే పియానో బాణీ పేరుంది గానీ వాయించినవాళ్ళ పేరు లేదు. మీరూ అమీర్ ఖాన్ పేరు చీటీ మీద రాయనే రాయరు!

రాగాలని బొమ్మలుగా చూపే మన రాగమాల చిత్రాలే తీసుకోండి. తోడి రాగిణి అంటే వీణ పట్టుకున్న స్త్రీ, చుట్టూ జింకలు. తరాల తరబడి అదే. చాలావాటిలో పైన పద్యం కూడా రాసి ఉంటుంది. ఆ పద్యం చాలు, తోడి ఒక్కసారి వినకపోయినా ఆ బొమ్మ వేయొచ్చు.

దక్కనీ రంగు:
రాగమాలని అలా ఒక్క మాటలో తీసేయకండి అన్నా. దక్కన్‌లో పాటా బొమ్మా ఒకే దర్బారులో పెరిగాయి. బీజాపూర్ సుల్తాన్ రెండో ఇబ్రహీం ఆదిల్ షా (పాలన 1580-1627) స్వయంగా పాటలు కట్టినవాడు. తన తంబూరాకి మోతీ ఖాన్ అని పేరు పెట్టుకున్నాడు. ఫరూఖ్ బేగ్ ఆయన్ని తంబూరా వాయిస్తుండగా చిత్రించాడు. అలాంటి చోట పనిచేసిన చిత్రకారుడి చెవిన సంగీతం పడలేదంటే నేను నమ్మను.

పేర్ల మాటకొస్తే, అమెరికన్ చిత్రకారుడు బాస్కియా 1983లో వేసిన 'హార్న్ ప్లేయర్స్' ఉంది కదా. మూడు పలకల బొమ్మ. ఇద్దరు జాజ్ సంగీతకారులు, ఎడమ పక్క శాక్సఫోన్‌తో చార్లీ పార్కర్, కుడి పక్క ట్రంపెట్‌తో డిజీ గిలెస్పీ. పేర్లూ మాటలూ చీటీ మీద లేవు, కాన్వాసు మీదే చేతిరాతతో ఉన్నాయి. పార్కర్ కూతురు ప్రీ పేరు కూడా రాశాడు. ఆ పాప చిన్నతనంలోనే పోయింది. ఆ అక్షరాలు చెరిపేస్తే బొమ్మే కూలిపోతుంది. పేరు రాయడమే తప్పు అంటే ఈ బొమ్మని ఏం చేద్దాం?

రాత్రి పని:
ఇది నాకు బాగా నచ్చింది. అభిమానం కూడా ఒక విషయమే కదా, పద్ధతి మారితేనే లెక్కలోకి తీసుకుంటాం అంటే ఎలా? పార్కర్ మీద ప్రేమే అక్కడ బొమ్మ అయింది.

కుంచె మసాబ్‌ట్యాంక్:
ప్రేమతో పాటు ఎంత శ్రద్ధ ఉందో చూడండి. కూతురి పేరు దాకా తెలుసుకుని రాశాడంటే పార్కర్ జీవితాన్ని అంత దగ్గరగా పట్టించుకున్నాడు. నేను అడిగేది ఆ శ్రద్ధే. బంజారాహిల్స్ ఆర్టిస్టు ఆ పాటలో తనేం విన్నాడో, దాని వల్ల తన చేతిలో ఏం మారిందో చీటీ మీద ఒక్క వాక్యం రాస్తే చాలు. చూసేవాళ్ళకి బొమ్మలో వెతుక్కోవడానికి ఒక దారి దొరుకుతుంది. అలా రాయడానికి ఏమీ తోచకపోతే పేరు తీసేయడమే ఆ గాయకుడికి గౌరవం.

చిక్కడపల్లి శ్రోత:
ఆ వాక్యం ఉంటే చదువుతాను. అయినా బొమ్మ నిలబడటానికి ఆ వాక్యం అవసరమైతే అది బొమ్మలోని లోటేనంటాను. ప్రదర్శన ఆదివారం దాకా ఉంది. మీరు కూడా చూసి రండి, చీటీలు మాత్రం ఆఖరున చదవండి. ఏ బొమ్మ ఎవరిదో మీకు తెలిసిందా లేదా ఇక్కడ రాయండి.