పంక్ గాయకుడే రచయితగా, లేబుల్ నిర్వాహకుడిగా కూడా నిలదొక్కుకోగలడా?

ప్రశ్న (కావలి బ్యాండు):

అందరికీ నమస్కారం. మాది కావలి. నలుగురు మిత్రులం కలిసి కొంతకాలంగా తెలుగులో పంక్ (వేగంగా, గట్టిగా వాయించే నిరసన రాక్) పాటలు కట్టి పాడుతున్నాము. అల్లూరు వైపు రొయ్యల మేత నిలవ చేసే ఒక గోడౌనులో రాత్రిపూట సాధన చేస్తాము. రొయ్యల గుంటల పక్కన ఉప్పుబారిపోయిన మంచినీటి బావుల గురించీ, ఊరు వదిలి చెన్నైకో హైదరాబాదుకో వెళ్లిపోతున్న మా వయసువాళ్ల గురించీ పాటలు ఉన్నాయి. రాసేదీ పాడేదీ నేనే. పాటలతో పాటు వ్యాసాలు కూడా రాస్తుంటాను. వాటిని చిన్న పుస్తకంగా వేయాలని చాలా కోరికగా ఉంది.

చెన్నైలోని ఒక ఆడియో సంస్థ మా ఎనిమిది పాటలను విడుదల చేస్తామని ఒప్పందపత్రం పంపింది. పాటల మీద సమస్త హక్కులూ శాశ్వతంగా ఆ సంస్థకే చెందుతాయని అందులో ఉంది. సంతకం పెట్టడానికి నాకు మనసు రావడం లేదు. సొంతంగా ఒక లేబుల్ (పాటలు విడుదల చేసే సంస్థ) పెట్టి, ఆ పేరు మీదే పాటలనూ పుస్తకాన్నీ తీసుకురావాలని నా ఆలోచన. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం ఒక పని సరిగా చేసుకుంటే చాలు, మూడు పడవల మీద కాళ్లు పెట్టవద్దని అంటున్నారు. అమెరికా పంక్ గాయకుడు హెన్రీ రోలిన్స్ లాంటివారు ఈ మూడు పనులూ చేశారని చదివాను. వారికి అది ఎలా సాధ్యమైంది? ఆ పద్ధతిలో మనకు పనికివచ్చేది ఏమైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (దర్గామిట్ట, నెల్లూరు):

తమ్ముడూ, నువ్వు రోలిన్స్ పేరు ఎత్తావు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆయన 1961 ఫిబ్రవరి 13న వాషింగ్టన్‌లో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో అక్కడి జార్జ్‌టౌన్‌లో ఒక ఐస్‌క్రీం దుకాణానికి మేనేజరుగా ఉంటూ, ఒక చిన్న బ్యాండులో పాడేవాడు. 1981లో కాలిఫోర్నియాకు చెందిన బ్లాక్ ఫ్లాగ్ అనే బ్యాండు ఆయనను గాయకుడిగా తీసుకుంది. ఆ బ్యాండు గిటారిస్టు గ్రెగ్ గిన్‌కు ఎస్‌ఎస్‌టీ అనే సొంత లేబుల్ ఉండేది. గిన్ కుర్రతనంలో హామ్ రేడియో (సరదాగా రేడియోలో మాట్లాడుకునేవారి) పరికరాలు తయారుచేసి పోస్టులో అమ్మిన వ్యాపారం పేరే ఆ లేబుల్‌కు వచ్చింది. అంటే రోలిన్స్ మొదటి నుంచీ, సంగీతకారులే తమ సరుకును తామే డబ్బాల్లో సర్ది పంపుకునే ఇంట్లో పెరిగాడన్నమాట.

నీ చేతిలో ఉన్న ఒప్పందపత్రం దృష్ట్యా అక్కడ జరిగిన ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. బ్లాక్ ఫ్లాగ్ తమ మొదటి పూర్తి ఆల్బమ్ కోసం 1981లో యూనికార్న్ అనే మరో సంస్థతో కలిసింది. తర్వాత తగాదా వచ్చి వ్యవహారం కోర్టుకు వెళ్లింది. ఫలితంగా, ఆ సంస్థ దివాలా తీసేవరకూ తమ సొంత పేరుతో కొత్త రికార్డు వేసుకునే వీలే ఆ బ్యాండుకు లేకుండా పోయింది. ఆ కాలంలో పాత పాటలను సంకలనంగా తెచ్చినందుకు కోర్టు ధిక్కారం కింద గిన్, ఆయన సహచరుడు డుకోవ్‌స్కీ కొద్దిరోజులు జైలులో కూడా ఉన్నారు. రెండేళ్ల పాటు పేరు కోల్పోవడం అంటే ఏమిటో, ఊరూరా తిరిగి పాడే బ్యాండుకే తెలుస్తుంది. చిక్కు తీరాక 1984లో ఒక్క ఏడాదిలోనే మూడు స్టూడియో ఆల్బమ్‌లు వెలువడ్డాయంటే లోపల ఎంత పేరుకుపోయిందో ఊహించుకో.

ఆ మూడింటిలో ఒకదానికి ఒక వైపు దాదాపు అంతా రోలిన్స్ తాను రాసినవి చదవడమే, రెండో వైపు వాద్యసంగీతమే. ఆయనలోని రచయిత బయటపడింది అక్కడే. అదే 1984లో తన రాతలను అచ్చువేసుకోవడానికి సొంత ప్రచురణ సంస్థ ప్రారంభించి, పుట్టినతేదీ అంకెలైన 2.13.61నే దానికి పేరుగా పెట్టాడు. తర్వాత నిక్ కేవ్ వంటి ఇతర సంగీతకారుల పుస్తకాలు కూడా ఆ పేరు మీద వచ్చాయి. బ్యాండు 1986లో విడిపోయింది. ఆ బ్యాండుతో వ్యానులో ఊరూరా తిరిగిన ఏళ్లలో రాసుకున్న డైరీలు 1994లో పుస్తకంగా వచ్చాయి. ఆయనే చదివిన ఆడియోకు 1995లో గ్రామీ బహుమతి లభించింది. సంగీతం నుంచి తప్పుకున్న తర్వాత కూడా ఆయన వేదిక మీద మాట్లాడుతూ, పత్రికకు శీర్షిక రాస్తూ, రేడియో కార్యక్రమం నడుపుతూ బతకగలిగాడు. నా అభిప్రాయంలో ఆయన చేసినవి మూడు పనులు కావు. తాను చెప్పదలచుకున్న మాట తన చేతి నుంచే జనానికి చేరాలన్న ఒకే పట్టుదల, అవసరాన్ని బట్టి పాటగానూ పుస్తకంగానూ సంస్థగానూ రూపం తీసుకుంది. మీ పెద్దవాళ్లకు ఈ మాట చెప్పి చూడు.

వారికి అమెరికా కబుర్లు రుచించకపోతే మన బాలసుబ్రహ్మణ్యం గారి పేరు చెప్పు. పాడుతూనే సంగీతం కూర్చారు, నటించారు, డబ్బింగు చెప్పారు. తనను సినిమాకు పరిచయం చేసిన కోదండపాణి గారి పేరు మీద చెన్నైలో ఆడియో ల్యాబ్ కూడా నెలకొల్పారు. పంక్‌కూ ఆయనకూ సంబంధం లేదు, కానీ నెల్లూరులో ఏ ఇంట్లోనైనా ఆ పేరుకు విలువ ఉంటుంది.

జవాబు (ఒంగోలు ప్రెస్):

పై వారు రోలిన్స్ గురించి చెప్పారు. లేబుల్ నడపడం అంటే చేతులతో చేసే పని ఏమిటో తెలియాలంటే, రోలిన్స్‌కు చిన్ననాటి స్నేహితుడు, వాషింగ్టన్ పంక్ సంగీతకారుడు అయిన ఇయాన్ మెకై వైపు చూడాలి. ఆయన, జెఫ్ నెల్సన్ కలిసి 1980లో డిస్కార్డ్ అనే లేబుల్ మొదలుపెట్టారు. వారి మొదటి బ్యాండు టీన్ ఐడిల్స్ అప్పటికే విడిపోతోంది. కచేరీల మీద వచ్చిన డబ్బు తలా ఇంత పంచుకోకుండా దాచిన సుమారు 600 డాలర్లతో, తమ పాటలు మిగిలిపోవాలన్న కోరికతో రికార్డు వెయ్యి కాపీలు వేశారు. అట్టలను ప్రెస్సులో కట్ చేయించే స్తోమత లేక, ఒక పాత రికార్డు అట్టను విప్పి, దాన్నే నమూనాగా పెట్టుకుని, స్నేహితులంతా నేల మీద కూర్చుని కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురు అంటించారు. రోలిన్స్ తొలి బ్యాండు రికార్డు కూడా ఆ లేబుల్ నుంచే వచ్చింది.

మెకై పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చినది, ఆ లేబుల్ తమ ఊరి చుట్టుపక్కల బ్యాండులకే పరిమితం కావడం. 1987లో ప్రారంభమైన ఆయన బ్యాండు ఫుగాజీ ఎంత పేరు తెచ్చుకున్నా, సాధ్యమైన చోటల్లా టిక్కెట్టు ఐదు డాలర్లే ఉంచారు, ఏ వయసువారినైనా లోపలికి రానిచ్చారు. పెద్ద కంపెనీలు ఎంత అడిగినా పోలేదు. మీ లేబుల్ కూడా కావలి, కందుకూరు, సింగరాయకొండ, ఒంగోలు కుర్రవాళ్ల పాటల కోసమేనని చెప్పుకుంటే, హైదరాబాదులోని వంద ఆన్‌లైన్ సంగీత పేజీల్లో ఒకటిగా కలిసిపోకుండా ఉంటుంది.

నేను ఆఫ్‌సెట్ ప్రెస్సులో పనిచేస్తాను కాబట్టి అచ్చు విషయం కొంచెం చెబుతాను. మా పని ప్రధానంగా పెళ్లిపత్రికలే. ముహూర్తాల రోజుల్లో వస్తే మీ పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆషాఢంలోనో, శూన్యమాసంలోనో రండి. మిషన్లు ఖాళీగా ఉంటాయి, ధర మాట్లాడుకోవచ్చు, పనివాడు కూడా నిదానంగా చేస్తాడు. సీడీ అట్టకు 300 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) ఆర్ట్ కార్డు సరిపోతుంది. అయితే మడత పడే చోట తప్పనిసరిగా క్రీజింగ్ (మడవడానికి ముందే గీతలా నొక్కడం) చేయించాలి. క్రీజింగ్ లేకుండా మడిస్తే రంగు పొర పగిలి, మడత పొడవునా తెల్లటి గీత వస్తుంది. పెళ్లిపత్రికలో బంగారు రంగు మీద ఆ గీత కనబడితే పార్టీవాళ్లు బండిలో నుంచి దింపకుండానే తిప్పి పంపిస్తారు. ముదురు రంగు అట్టలో అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. షీటులో పుస్తకం కవరూ, సీడీ అట్టా పక్కపక్కన సర్దితే ఒకే ప్లేటుతో రెండు పనులూ అవుతాయి. పాటా పుస్తకమూ ఒకే లేబుల్ మీద తేవడంలో ఉన్న అసలు ఆదా ఇక్కడే ఉంది.

జవాబు (కందుకూరు లెక్కలు):

లేబుల్ పెట్టాలన్న నిర్ణయాన్ని నేను సమర్థిస్తున్నాను. కానీ ఈ చర్చలో ఇంతవరకు రాని పేరు ఒకటి ఉంది, జెల్లో బియాఫ్రా. డెడ్ కెన్నెడీస్ అనే అమెరికా పంక్ బ్యాండు గాయకుడు, వేదిక మీద గంటల తరబడి మాట్లాడగల వక్త, 1979లో మొదలైన ఆల్టర్నేటివ్ టెంటకిల్స్ లేబుల్ నిర్వాహకుడు. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో మేయరు పదవికి పోటీ కూడా చేశాడు. ఒక ఆల్బమ్‌తో ఇచ్చిన పోస్టరు మీద అశ్లీలత కేసు పెడితే, 1987లో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక కేసు వీగిపోయింది. ఆ పోరాటంలో ఆయన వెనక్కి తగ్గలేదు, అందుకు నాకు గౌరవమే.

కానీ 2000లో ఆయన మీద గెలిచింది ప్రభుత్వం కాదు, సొంత బ్యాండు సభ్యులు. రాయల్టీ (పాటల రాబడిలో వాటా) తక్కువగా చెల్లించారని జ్యూరీ తీర్పు ఇచ్చింది. ఆ లోటు సుమారు 76,000 డాలర్లు. అప్పీలులోనూ తీర్పు నిలిచింది, పాటల నిర్వహణ సహచరుల చేతికి వెళ్లింది. ఒక పాటను బట్టల ప్రకటనకు ఇవ్వనన్నందుకే ఇదంతా జరిగిందని బియాఫ్రా అంటాడు, అది నిజం కాదని మిగతావారు అంటారు. ఎవరి మాట ఎలా ఉన్నా, గాయకుడే లేబుల్ యజమాని అయినప్పుడు, అతడు తన పక్కన నిలబడి వాయించేవాళ్లకు బాకీదారు కూడా అవుతాడు. బ్యాండులో స్నేహం ఉన్న రోజుల్లో ఈ సంగతి ఎవరికీ కనబడదు.

కాబట్టి లేబుల్‌కు ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవండి. కచేరీ గుమ్మం దగ్గర అతికించే క్యూఆర్ కోడు కూడా ఆ ఖాతాదే కావాలి, మీ సొంత ఫోనుది కాదు. మూడు నెలలకొకసారి నలుగురూ కూర్చుని రాబడీ ఖర్చూ చూసి సంతకాలు చేయండి. పుస్తకం అచ్చుకు పాటల డబ్బు వాడితే అది అప్పుగా రాయండి, ఎందుకంటే పుస్తకం మీ ఒక్కరిది, పాటలు నలుగురివి.

ఇక ఒప్పందపత్రం సంగతి. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ భావిస్తారు. మీకు వచ్చిన పత్రంలో శాశ్వతమని రాశారు కాబట్టి ఆ రక్షణ మీకు దొరకదు. దాన్ని కొట్టేయించి ఏళ్లు వేయమని అడగండి. అయితే 2012 సవరణ తర్వాత సాహిత్యం రాసినవారూ బాణీ కట్టినవారూ సౌండ్ రికార్డింగులో తమ రచనకు రావలసిన రాయల్టీలో సమాన వాటాను వదులుకున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు. ఈ సవరణ సంగతి తెలియకుండా ఏ పత్రం మీదా సంతకం చేయవద్దు.

కావలి బ్యాండు:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆ పత్రం మీద సంతకం పెట్టడం లేదని వారికి ఈ రోజే రాశాను. లెక్కల విషయం చదివాక ఒక సందేహం వచ్చింది. మా డ్రమ్మరు వచ్చే ఏడాది ఉద్యోగం మీద బెంగళూరు వెళ్లవచ్చు. అతడు వెళ్లిపోతే ఈ పాటల్లో అతడి భాగం ఏమవుతుంది?

కందుకూరు లెక్కలు:

చాలా అవసరమైన ప్రశ్న, అతడు ఇక్కడ ఉండగానే తేల్చుకోండి. సాహిత్యం ఒక హక్కు, బాణీ ఒక హక్కు, రికార్డింగు మరొక హక్కు. సాహిత్యం మీది. బాణీ నలుగురూ గోడౌనులో కూర్చుని కట్టినదైతే నలుగురిదీ అని రాయండి. రికార్డింగు మీద హక్కు చట్టం దృష్టిలో దాన్ని చేయించే బాధ్యత తీసుకున్న నిర్మాతది, అది ప్రచురణ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. మీ లేబుల్ నిర్మాత అయితే, ఆ లేబుల్ మీ ఒక్కరిదా, నలుగురి భాగస్వామ్యమా అన్నదే అతడి వాటాను నిర్ణయిస్తుంది. స్టూడియోకు అడ్వాన్సు ఇవ్వడానికి ముందే ఈ మాటలు స్టాంపు కాగితం మీద రాసుకుని, ఊరు వదిలినా వాటా ఆగదన్న వాక్యం విడిగా చేర్చి, తలా ఒక ప్రతి దగ్గర పెట్టుకోండి. ముసాయిదా తయారయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెడితే చూసి చెబుతాను.