522522కి కారణాంకాలు ఎన్ని? 32 ఆ, 96 ఆ?

బ్రాడీపేట, గుంటూరు:
నమస్కారమండీ. మా వాడు ఎనిమిదో తరగతి. ట్యూషన్‌లో మన గుంటూరు పిన్‌కోడ్ మొదట్లో ఉండే 522ని రెండుసార్లు రాసి, 522522కి కారణాంకాలు ఎన్నో చెప్పమన్నారట. వీడు 1, 2, 3, 6 అంటూ వరసగా రాసుకుంటూ పోయి, విసుగొచ్చి వదిలేశాడు. తర్వాత 2 × 261 × 7 × 11 × 13 అని విడగొట్టి 32 అన్నాడు. జవాబు 96 అట. రేపే పరీక్ష, వాడికంటే నాకే టెన్షన్. ఎక్కడ తప్పాడు?

పటమట, విజయవాడ:
7, 11, 13 పట్టుకున్నాడంటే గట్టివాడేనండీ. మూడంకెల సంఖ్యను పక్కపక్కనే రెండుసార్లు రాస్తే దాన్ని 1001తో హెచ్చించినట్టే. ఆ 1001లోవే ఈ మూడూ. పొరపాటల్లా 261 దగ్గరే. చూడ్డానికి ప్రధాన సంఖ్యలా ఉంటుంది గానీ అంకెలు కూడితే 9. తొమ్మిదో ఎక్కంలో పోతుంది, 29 మిగులుతుంది. అంటే ప్రధాన సంఖ్యలు 2, 3, 7, 11, 13, 29. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, మానేయొచ్చు. ఆరు రెళ్లు హెచ్చిస్తే 64.

బ్రాడీపేట:
అయ్యో, ఇప్పుడు మూడో జవాబు వచ్చిందేంటండీ!

కొత్తపేట, గుంటూరు:
పటమట బాబూ, 9 అంటే రెండు మూళ్లు కదయ్యా. అమ్మా, మీవాడికి టిఫిన్ బండి లెక్క చెప్పండి. కారప్పొడి వేయించుకోవచ్చు, వద్దనొచ్చు: రెండు దారులు. ప్లేటులో ఇడ్లీలు రెండుంటే ఒక్కటీ తినకపోవచ్చు, ఒకటి తినొచ్చు, రెండూ తినొచ్చు: మూడు దారులు. 3 సంగతీ అంతే. అందుకే ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి హెచ్చిస్తాం. 3కి మూడు, మిగతా అయిదింటికీ రెండేసి: 3 × 32 = 96. మీవాడికి వచ్చిన 32 వేరు, ఈ 32 వేరు, కంగారుపడొద్దు.

ఇదే విభజనతో ఇంకో ప్రశ్న కూడా అడుగుతారు: దీన్ని వర్గసంఖ్య చేయాలంటే కనీసం ఎంతతో హెచ్చించాలి? 3కి జోడీ ఉంది, మిగతావన్నీ ఒంటరివి. వాటి లబ్ధం 58058. హెచ్చిస్తే 174174 వర్గం వస్తుంది.

పటమట:
తప్పు నాదే మాస్టారూ. మా బెజవాడ 520తో కూడా చేసి చూశాను. 520కి 16 కారణాంకాలు, 1001కి 8. కాబట్టి 520520కి 128 ఉండాలి కదా?

కొత్తపేట:
ఉండవు. 520లో ఒక 13 ఉంది, 1001లో ఇంకొకటి. రెంటికీ ఉమ్మడి ప్రధాన సంఖ్య ఉంటే అలా నేరుగా హెచ్చించకూడదు. 2 మూడుసార్లు, 13 రెండుసార్లు, 5, 7, 11 ఒక్కోసారి. 4 × 3 × 2 × 2 × 2. ఎంతొచ్చింది?

పటమట:
96!

బ్రాడీపేట:
మావాడు నాకంటే ముందే చెప్పేశాడండీ. ఇప్పుడు ఇడ్లీ కావాలంటున్నాడు.